ఆనవాలు కూడా మిగలని ఇల్లు

తొలి వలసదారులైన ఆద్యుల దినోత్సవం సందర్భంగా మా ఊరు పెనిక్ సెంటర్‌లో మరో స్మారక ఫలకాన్ని ఆవిష్కరించనున్నామని ప్రకటించడానికి ఆద్యుల వారసత్వ సంఘం మిక్కిలి సంతోషించింది. సంతోషించినవారిలో నేనూ ఒకణ్ణి. పోస్టుమాస్టరుగా పనిచేసి మానేసినవాణ్ణి. ఇతరుల ఉత్తరాలు చదవకుండా ఇన్నేళ్ళు ఉండగలిగాడు కాబట్టి ఏదైనా భరించగలడని నన్ను సంఘానికి కార్యదర్శిని చేశారు.

నెబ్రాస్కా మైదానంలో మా ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ వీధి దీపాలకన్నా స్మారక ఫలకాలు ఎక్కువ. మొదటి బ్యాంకు ఉన్నచోట ఒక ఫలకం ఉంది. ఆ బ్యాంకు మునిగినచోట కూడా ఒక ఫలకం ఉండాలి కదా. చోటు అదే కాబట్టి వెనకవైపు బిగించాం. రైలు వస్తుందని ఊరంతా కొత్త బట్టలు వేసుకుని ఎదురుచూసిన పొలంలో ఇంకొకటి. రైలు పక్క ఊరికి పోయింది. కానీ ఎదురుచూపు మాదే, దాన్ని ఎవరూ తీసుకుపోలేదు.

హైరమ్ పెనిక్ బండి ఆపి, నాలుగు దిక్కులూ చూసి, "చాలు, ఇక్కడే" అన్నచోట అన్నిటికన్నా పెద్ద ఫలకం ఉంది. ఆయన దూరదృష్టితో ఆగాడని దానిమీద రాసి ఉంది. ఎద్దు చచ్చిపోయి ఆగాడని ఆయన భార్య చివరిదాకా చెబుతూ ఉండేదట. ఎద్దు ప్రస్తావన ఫలకం మీద లేదు. ఆయన వచ్చేనాటికి ఈ నేల అంతా ఖాళీగా ఉండేదని ఒక ఫలకం చెబుతుంది. ఆ ఖాళీ నేలలో ఉన్న పానీ అనే ఆదివాసీ తెగవాళ్ళు మొక్కజొన్నలిచ్చి మొదటి చలికాలం ఆయన్ని బతికించారని దాని పక్క ఫలకం చెబుతుంది. రెండూ ఒకే రోజు ఆవిష్కరించాం. రెండింటికీ చప్పట్లు కొట్టాం.

ఒకసారి కుర్రాళ్ళెవరో హైరమ్ ఫలకాన్ని పెరికి తీసుకెళ్ళి సారా దుకాణం గుమ్మం ముందు పాతారు. "చాలు, ఇక్కడే" అన్న మాట ఆ చోటికి బాగా నప్పిందని నలుగురూ అన్నా, సంఘం ఊరుకోలేదు. వెంటనే నియమావళిలో ఒక నియమం చేర్చింది: సంఘం గుర్తించిన ఏ స్మారకాన్నీ, అది ఉన్నచోటి నుంచి, ఎవరూ, ఏ కారణం చేతనూ కదపరాదు. ఈ నియమాన్ని పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. మేం గుర్తుపెట్టుకోలేదు.

ఇక కొత్త ఫలకం సంగతి. మాది చెట్టు లేని నేల. తొలి రోజుల్లో వచ్చినవాళ్ళు గడ్డినేలను వేళ్ళతో సహా పెళ్ళలుగా కోసి, వాటిని ఇటుకల్లా పేర్చి ఇళ్ళు కట్టుకున్నారు. అలాంటి మట్టి ఇల్లు ఈ జిల్లాలో ఒక్కటీ మిగల్లేదన్న బాధ సంఘాన్ని చాలాకాలంగా పీడిస్తోంది. బాధ తీరేందుకు ఊరి మొదట్లో ఒక నమూనా ఇల్లు కట్టించాం. ఇనుప వల చుట్టి, సిమెంటు పూసి, గోధుమరంగు వేసి, పైకప్పు మీద ప్లాస్టిక్ గడ్డి పరిచాం. వాన పడితే కారదు, పురుగు చేరదు, గోడలోంచి పాము తొంగిచూడదు. ఆద్యులు చూస్తే అసూయపడేవాళ్ళు.

దాని ముందు పెట్టే కంచు ఫలకానికి సంఘాధ్యక్షుడు లోవెల్ పెనిక్ స్వయంగా మాటలు కూర్చాడు. లోవెల్ హైరమ్‌కి మునిమనవడు. విత్తనాలూ ఎరువులూ అమ్ముతాడు. కంచులో పోత పోసి వచ్చిన వాక్యాలివి: "ఈ ఊరి చివరి మట్టి ఇల్లు పెనువానలో నేలకూలింది. ఆనవాలు కూడా మిగల్లేదు. ఆ దృఢత్వమే మన వారసత్వం."

చదివినవాళ్ళందరి కళ్ళూ చెమర్చాయి. కూలిపోవడంలో దృఢత్వం ఏమిటని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

నమూనా ఇంటికి వచ్చే బస్సులు ఎక్కడ ఆగాలన్న ప్రశ్న వచ్చింది. రోడ్డుకు అవతల సరిగ్గా ఎదురుగా డాగ్‌మార్ ఓస్టర్‌గార్డ్ ఇల్లుంది. ఎనభై దాటిన ఒంటరి డేనిష్ ముసలమ్మ. ఇల్లు తెల్లరంగు వెలిసిపోయిన చెక్క పలకలతో, రేకు కప్పుతో, ఒక పక్కకు ఒరిగి, ఫొటోల్లో నమూనా ఇంటి వెనకాల కనిపించి చరిత్రను పాడుచేస్తోంది. ఊరి బోర్డు ఆ ఇంటిని కంటికి ఇబ్బందికరమైన కట్టడంగా తీర్మానించింది. పడగొట్టి, చదును చేసి, కంకర పోయాలని నిర్ణయించింది. డాగ్‌మార్‌ను జిల్లా కేంద్రంలోని వృద్ధుల నివాసంలో చేర్చాలని కూడా నిర్ణయించింది. ఈ రెండు నిర్ణయాలూ ఆమెకు ఆప్యాయంగా చెప్పే బాధ్యత లోవెల్‌కీ నాకూ పడింది.

వెళ్ళాం. ఆమె కాఫీ పోసింది. గుంతల పెనం మీద వేసిన, లోపల ఆపిల్ ముక్కలున్న, వాళ్ళ డేనిష్ పొంగణాలు పెట్టింది.

"ఏరా లోవెల్, గడ్డం దురద పెడుతోందా?" అంది. దినోత్సవం కోసం ఊళ్ళో మగవాళ్ళందరం గడ్డాలు పెంచుతాం.

"చరిత్ర కోసం తప్పదు ఆంటీ."

"మీ హైరమ్ తాత ఫొటో బ్యాంకులో వేలాడేది, గుర్తుందా? గుడ్డులా ఉంటాడు. ఒక్క వెంట్రుక లేదు."

లోవెల్ గడ్డం గోక్కుని విషయంలోకి వచ్చాడు. "ఆంటీ, ఈ ఇల్లు పాతబడిపోయింది. గాలొస్తే మీమీద పడుతుందేమోనని ఊరంతా బెంగ. అక్కడైతే మీకు గది, టీవీ, నర్సు. మంచి కిటికీ."

"కిటికీలోంచి ఏం కనబడుతుంది?"

లోవెల్ అబద్ధం చెప్పడు. ఆ వంశంలో అది లేదు, ఫలకాల మీద తప్ప. "కార్లు ఆపే స్థలం," అన్నాడు.

"మరి ఇక్కడేం కడతారు?"

"బస్సులు ఆపే స్థలం."

"ఆ మాత్రం దానికి అంతదూరం మోసుకెళ్ళడం దేనికిరా? ఇక్కడే కుర్చీ వేసుకుని చూస్తాను. బస్సులు పెద్దవి కూడాను."

నాకు నవ్వొచ్చింది. దాన్ని కాఫీలో ముంచేశాను. ఆమె వేళ్ళు కిటికీ గట్టు మీద తిరుగుతున్నాయి. ఆ గట్టు మీద జెరానియం పూల కుండీలు వరసగా ఉంటాయి. చిన్నపిల్లవాడు బాసింపట్టు వేసుక్కూర్చోగలిగినంత లోతైన గట్టది. ఊళ్ళో నా వయసు వాళ్ళమందరం ఎప్పుడో ఒకప్పుడు దానిమీద కూర్చుని పొంగణాలు తిన్నవాళ్ళమే. గోడ అంత మందం ఎందుకుందని ఒక్కరమూ అడగలేదు. అప్పుడు అడగలేదంటే నోరు ఖాళీగా లేదు. పెద్దయ్యాక అడగలేదంటే, చిన్నప్పుడు చూసినదాన్ని మనిషి మళ్ళీ చూడడు. చూసేశానన్న నమ్మకంతోనే చూపు పక్కకు జారిపోతుంది.

"ఆ కంచు పలక మీద ఏం రాశావురా?" అంది డాగ్‌మార్.

లోవెల్ లేచి నిలబడి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, కంఠతా అప్పజెప్పాడు.

"నేలకూలిందా?"

"కూలింది ఆంటీ."

"నీకెవరు చెప్పారు?"

"చెప్పడమేంటి, అందరికీ తెలిసిందేగా."

ఆమె ఏదో అనబోయింది. నోరు తెరిచి, గోడవైపు చూసి, మూసింది. ఎన్నో ఏళ్ళుగా మింగుతున్నదాన్ని ఇంకోసారి మింగినవాళ్ళ గొంతు ఎలా కదులుతుందో పోస్టాఫీసు కిటికీలోంచి నేను చాలాసార్లు చూశాను. "ఇంకో రెండు తినండి," అంది.

కూల్చివేత మీద బహిరంగ సమావేశం చర్చి నేలమాళిగలో జరిగింది. మా ఊళ్ళో ప్రజాస్వామ్యం ఒక పద్ధతి ప్రకారం నడుస్తుంది. అధ్యక్షుడు ప్రసంగిస్తాడు. "అభ్యంతరాలున్నాయా?" అని అడుగుతాడు. ఆ మాట వినబడగానే అందరూ లేచి వెనక బల్ల మీదున్న, పుల్లటి రూబార్బు కాడలు కూరి కాల్చిన తీపి పైల దగ్గరికి వెళతారు. ఆ రోజూ లోవెల్ ప్రసంగించాడు. "మిత్రులారా! గతం లేని ఊరు వేరు లేని మొక్క లాంటిది. ఆ వేరుకు చోటివ్వడం కోసం, ఎదురుగా ఉన్న ఒక్క పాత కొంపను తొలగించలేమా?" అన్నాడు. అభ్యంతరాలున్నాయా అన్నాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. అందరం సగం లేచాం.

"నాకుంది," అంది డాగ్‌మార్.

సగం లేచినవాళ్ళం ఎటూ కాకుండా ఆగిపోయాం.

"నా ఇల్లు మట్టిది," అంది. "పలకల కింద మట్టి. మా తాత కోసి పేర్చిన పెళ్ళలు. కూలిందని కంచు మీద రాశారే, ఆ ఇల్లదే. కూలలేదు. నేను పొద్దున దాంట్లోనే లేచి వచ్చాను."

ఆమె చేతిసంచి పిడిని మెలిపెడుతూ చెప్పుకుపోయింది.

"నన్ను బళ్ళో వేసిన ఏడు, పిల్లలు నా జుట్టు వాసన చూసి ముక్కు మూసుకునేవాళ్ళు. కలుగులోంచి వచ్చింది, ఎలుకపిల్ల, అనేవాళ్ళు. లోవెల్, మీ నానమ్మ అందరికన్నా గట్టిగా అనేదిరా. వాళ్ళది పలకల ఇల్లుగా. నేను బడికి పోనని ఏడిస్తే, ఆ వేసవిలో అమ్మ పట్టుబట్టి చుట్టూ పలకలు కొట్టించింది. అమ్మ సిగ్గుకని, నాన్న వానకని. పాతిల్లు వానకి కూలిందనీ, ఇది కొత్తదనీ అమ్మ ఊళ్ళో చెప్పింది. ఎవరికీ చెప్పనని నాచేత బైబిలు మీద ఒట్టేయించింది. పెళ్ళయ్యాక మా ఆయనకి కూడా చెప్పలేదు. పాపం, గోడకి మేకు కొడితే ఎందుకు నిలవదో తెలీకుండానే పోయాడు. ఇప్పుడు చెబుతున్నా. నవ్వేవాళ్ళు నవ్వండి. ఇల్లు మాత్రం పడగొట్టకండి. నేను ఆ కిటికీ దగ్గరే పోతాను, ఇంకెంతోకాలం పట్టదు."

ఎవరూ నవ్వలేదు. అంతకన్నా ఘోరం చేశాం. లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. బతుకంతా దాచిన సిగ్గును ఆమె నేలమాళిగలో విప్పి చూపిస్తే, దాన్ని మేం కిరీటంలా తిప్పి ఆమె నెత్తిన పెట్టాం. నవ్వును కాచుకోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి చప్పట్లు ఎక్కడ దాచుకోవాలో తెలియదు. ఆమె గభాల్న కూర్చుంది. ముక్కు మూసుకున్న పిల్లలూ చప్పట్లు కొట్టిన పెద్దలూ ఆమె కళ్ళకు ఒకేలా కనిపించారేమోనని నాకు అప్పుడు అనిపించింది. కార్యదర్శిని కాబట్టి పైకి అనలేదు.

లోవెల్‌కి కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఇల్లు మాత్రమే కాదు! ఈ మహా మహిళ మన సజీవ స్మారకం!" అని గర్జించాడు. డాగ్‌మార్ ఓస్టర్‌గార్డ్‌ను సంఘం గుర్తించిన స్మారకంగా ప్రకటిస్తూ అక్కడికక్కడే తీర్మానం ప్రవేశపెట్టాడు. ఏకగ్రీవంగా నెగ్గింది. తర్వాత పైలు తిన్నాం.

"మరి ఫలకం?" అంది కోశాధికారి బర్నిస్, పై ముక్క కోస్తూ. "ఆనవాలు మిగల్లేదని కంచులో ఉందిగా. కంచును రబ్బరుతో చెరపలేం."

"చరిత్ర నెమ్మదిగా సర్దుకుంటుంది," అన్నాడు లోవెల్. అతని జోస్యాల్లో అక్షరాలా ఫలించింది ఇదొక్కటే.

అప్పటినుంచి సంఘం ఆ ఇంటిని కాపాడటం మొదలుపెట్టింది. నిజమైన మట్టి ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళకు చెక్క పలకలు చూపిస్తే అది మోసమవుతుంది కాబట్టి, పలకలు ఊడదీయాలని నిర్ణయించాం. ఆద్యుల కాలంలో రేకు కప్పు లేదు కాబట్టి రేకులు దించి, పాత దూలాల మీద తాజాగా కోసిన గడ్డిపెళ్ళలు పరచాలని కూడా నిర్ణయించాం.

డాగ్‌మార్ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "పలకలు తియ్యొద్దురా. వానొస్తే తినేస్తుంది. నాన్న కొట్టించింది అందుకేగా."

"మీ నాన్నగారి కాలంలో వారసత్వ సంరక్షణ ఇంకా కనిపెట్టలేదు ఆంటీ," అన్నాడు లోవెల్ ఓపికగా. "మీరు పక్కకి జరగండి. స్మారకానికి దెబ్బ తగిలితే మాకు మాటొస్తుంది."

పలకలు ఊడాయి. లోపల గోధుమరంగు మట్టి, దాన్లో సన్నటి దారాల్లా తెల్లటి వేళ్ళు కనిపించాయి. ఎవరో చెయ్యి వేసి చూశారు. ఎవరో వాసన చూసి, "ఆహా!" అన్నారు. అప్పుడు డాగ్‌మార్ చెయ్యి తన జుట్టు మీదికి వెళ్ళి, అక్కడ ఒక క్షణం ఆగి, కిందికి దిగింది. పలకలకు చారిత్రక విలువ లేదని తీర్మానించి, వాటిని నమూనా ఇంటి పక్కన పేర్చాం.

దినోత్సవం శనివారం. బ్యాండు మేళం, గడ్డాల పోటీ, ట్రాక్టరు లాగుతున్న గుడారపు బండి అన్నీ సక్రమంగా జరిగాయి. గడ్డాల పోటీలో హైరమ్‌ని పోలినందుకు లోవెల్‌కి మొదటి బహుమతి వచ్చింది. డాగ్‌మార్‌కు కుట్టు టోపీ తొడిగి, ఒక జెరానియం కుండీ చేతికిచ్చి, మైకు పక్కన కుర్చీలో కూర్చోబెట్టాం. పడమర ఆకాశం నల్లగా ఉంది. మైదానంలో వాన చాలా దూరం నుంచే కనిపిస్తుంది. చూడకూడదనుకుంటే అంతే బాగా కనిపించకుండా కూడా ఉంటుంది.

"మన పునాదులు చలించవు!" అన్నాడు లోవెల్. అప్పుడు మొదటి చినుకులు పడ్డాయి. "ప్రళయాలు వచ్చాయి, పోయాయి!" అన్నప్పుడు కుండపోత మొదలైంది. జనం చర్చిలోకి పరుగెత్తారు. లోవెల్ పరుగెత్తలేదు; ప్రసంగంలో ఇంకా రెండు కాగితాలున్నాయి. డాగ్‌మార్ గొడుగు విప్పుకుని కుర్చీలోనే కూర్చుంది. నేను ఆమె వెనక నిలబడ్డాను.

కప్పు మీద పరిచిన కొత్త పెళ్ళలు నీళ్ళు తాగి బరువెక్కాయి. దూలం ఒకటి మూలిగింది. తర్వాత గోడ, అలసిపోయిన మనిషి గోడకు ఆనుకుని మెల్లగా కూర్చున్నట్టు, తనమీదికి తనే ఒరిగి కూర్చుంది. పెద్ద శబ్దమేమీ లేదు. కిటికీ గట్టు చివరిదాకా నిలబడి, జెరానియం కుండీలతో సహా జారిపోయింది.

డాగ్‌మార్ కుర్చీలోంచి లేచింది. "చదవడం అయిందా లోవెల్?" అంది.

అయిందన్నాడు.

"అయితే పద, పోదాం. తడుస్తున్నావు."

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. విషాదం ప్రకటించాక, బర్నిస్ లేచి, ఫలకంలోని ప్రతి అక్షరం ఇప్పుడు నిజమైందని గుర్తుచేసింది. పెనువాన, నేలకూలడం, ఆనవాలు మిగలకపోవడం, మూడూ కుదిరాయి. ఏ ఊరి ఫలకమైనా జరిగినదాన్ని నమోదు చేస్తుంది, మాది జరగబోయేదాన్ని నమోదు చేసింది. ఆ ముందుచూపుకు సంఘాన్ని అభినందిస్తూ సంఘం తీర్మానించింది. ఫలకాన్ని రోడ్డు దాటించి, సరైన చోట, చదును చేసిన మట్టి మీద పాతాం. దాని చుట్టూ బస్సులకు కంకర పోశాం.

డాగ్‌మార్‌ను వృద్ధుల నివాసానికి తీసుకెళ్ళడానికి సోమవారం కారు వచ్చింది. ఇల్లు కూలాక ఆమెకు చోటిచ్చిన చర్చివాళ్ళ దగ్గర ఆమె లేదు. వెతికితే నమూనా ఇంట్లో దొరికింది. సిమెంటు కిటికీలో మిగిలిన ఒక్క జెరానియం కుండీ పెట్టుకుని, ప్రదర్శనకని పెట్టిన పాత పొయ్యి మీద కాఫీ కాస్తోంది.

"ఆంటీ, ఇది ప్రదర్శనండీ," అన్నాడు లోవెల్.

"నేనూ అంతేగా. నువ్వే ప్రకటించావు."

"మిమ్మల్ని తీసుకెళ్ళడానికి కారొచ్చింది."

"స్మారకాన్ని ఉన్నచోటి నుంచి ఎవరూ, ఏ కారణం చేతనూ కదపకూడదటగా. ఏం పోస్టుమాస్టరూ, అంతేనా?" అని నావైపు తిరిగింది.

నియమావళి నా జేబులోనే ఉంది. తీసి చదివాను. ఇంత ఇష్టంగా నేనేదీ చదివి ఎరుగను. లోవెల్ గడ్డం గోక్కున్నాడు. ఏకగ్రీవ తీర్మానాన్ని రద్దు చేయాలంటే ఆమె స్మారకం కాదని ఊరందరి ముందూ అనాలి. ఎవరంటారు? కారు ఖాళీగా వెళ్ళిపోయింది.

"ఊరికే నిలబడతావేంరా?" అంది డాగ్‌మార్. "బయట నాన్న పలకలున్నాయి. మేకులు పట్టుకురా."

"పలకలెందుకు ఆంటీ? ఇది సిమెంటు. వాన ఏం చేయదు."

"వానకి కాదు. ఈ రంగు చూశావా? దారినపోయేవాళ్ళు చూస్తే నేను మట్టి కొంపలో ఉన్నాననుకోరూ?"

లోవెల్ మేకులు పట్టుకున్నాడు. నేను సుత్తి పట్టుకున్నాను. ఇనుప వలలో మేకులు బాగా నిలిచాయి. "మా ఆయన చూస్తే ఎంత సంతోషించేవాడో," అంది ఆమె. సాయంత్రానికి ఇల్లంతా తెల్లరంగు వెలిసిన పలకలే. మొత్తం మీద ముందున్న ఇంటికన్నా కొంచెం తక్కువ ఒరిగింది.

ఇప్పుడు బస్సులు బాగానే వస్తున్నాయి. దిగినవాళ్ళు అసలైన ఆద్యుల ఇల్లు ఎక్కడని అడుగుతారు. ఫలకం చూపిస్తాం. చదివి, కళ్ళు తుడుచుకుని, దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఎదుటి ఇంటి కిటికీలోంచి ఒక ముసలమ్మ పొంగణాల పళ్ళెంతో చూస్తూ ఉంటుంది. కొందరు ఆమెను కొంచెం పక్కకు తప్పుకోమంటారు, వెనకాల ఆ ఇల్లు ఫొటో పాడుచేస్తోందని.

మీరూ ఒకసారి రండి. ఫలకం తప్పకుండా చదవండి. మీ ఇంటి గోడల మీద మీ అమ్మ దేనికని ఏం కొట్టించిందో మేం అడగం. ఈ ఊళ్ళో మర్యాద అది. మీరు చెబితే మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొడతాం. ఆ తర్వాత ఏం చేస్తామో మీకు తెలుసు.